వెనక చక్రాల దగ్గర ఎవరో

ఫిబ్రవరి 3, సోమవారం

ఇది రాయకుండా వదిలేద్దామనే అనుకున్నాను. ఈ డైరీ నేను కొన్నది కూడా కాదు, బేరింగుల కంపెనీవాడు ఊరికే ఇచ్చింది. ఇప్పటిదాకా ఇందులో రాసినవి రెండే: కంటి డాక్టరు ఇచ్చిన టైము, మా ఆవిడ చెప్పిన సరుకుల లిస్టు. కానీ బుర్రలో ఒక విషయం దూరి తిరుగుతోంది. మా ఆవిడతో చెబితే సగంలో ఊ కొట్టడం మానేస్తుంది. కాగితం మానదు కదా.

అమ్మాయి బ్యాంకు ఉద్యోగం మానేసింది. మానేసి నెలయిందట. నాకు నిన్న చెప్పారు. ఇంటి పెద్దకి కబురు అన్నిటికన్నా చివర చేరాలని ఎక్కడో రూలున్నట్టుంది.

ఊరి బయట రేసు ట్రాకుంది. రెండేళ్ళుగా తన పాత హ్యాచ్‌బ్యాక్ వేసుకుని ఆదివారాలు అక్కడికి పోతోంది. సరదా అనుకున్నాను. సరదా కాదట. అక్కడ నేర్పేవాళ్ళందరికీ పెద్ద ఒకాయన ఉన్నాడు. మెళ్ళో ఎప్పుడూ విజిల్ వేలాడుతుంది కాబట్టి అందరూ విజిల్ అనే పిలుస్తారు. ఆయన దగ్గర ఒక ఇన్‌స్ట్రక్టర్ సీటు ఖాళీ అయింది. మార్చి రెండున పరీక్ష. ఎవరి బండి వాళ్ళే తెచ్చుకోవాలి, విజిల్ పక్కన కూర్చుంటాడు, మూడు సెషన్లు. బండి ఒక్కసారి తేడా చేసినా దిగిపోతాడట. తన బండిని చూసుకోలేనివాడు ఇంకొకడికి ఏం నేర్పుతాడు అంటాడట. ఆ మాట మాత్రం నాకు నచ్చింది.

సీటు ఒకటే. అడిగేవాళ్ళు ఇద్దరు: అమ్మాయి, ఎర్ర టోపీ పెట్టుకు తిరిగే ఇంకొకడు.

నాన్నా, బ్రేక్ ప్యాడ్లు నువ్వే చూసి పెట్టు, ముందువీ వెనకవీ రెండూ, అంది. నలభై ఒక్క ఏళ్ళు లారీల బ్రేకులు, బస్సుల బ్రేకులు చేసినవాణ్ణి. ఏడో క్లాసుతో బడికి దండం పెట్టి, ఇంగ్లీషు పార్టుల క్యాటలాగుల్లో నేర్చుకున్నవాణ్ణి. కూతురు పని చెప్పింది. ముఖం మామూలుగానే పెట్టి, చూద్దాంలే అన్నాను.

అల్లుడు ఏమన్నాడని అడిగాను. సరే అన్నాడట. అంతేనా? అంతే. వాళ్ళిద్దరూ మా పై వాటాలోనే ఉంటారు. ఈయన మట్టి పరీక్షలు చేసే ల్యాబులో పని చేస్తాడు. మాటకింత అని పన్ను కట్టాలన్నట్టు మాట్లాడతాడు. పెళ్ళాం ఉద్యోగం మానేసి, రెండొందల కిలోమీటర్ల స్పీడులో తిరుగుతానంటే ఉత్తి సరే అన్నాడంటే, ఆ సరే కింద ఏదో ఉంది.

ఫిబ్రవరి 4

ప్యాడ్ల షాపుకి వెళ్ళాను. ఆ షాపాయనకి నవ్వులాయన అని నేనే పేరు పెట్టుకున్నాను. స్టాకు ఉందన్నా నవ్వుతాడు, లేదన్నా నవ్వుతాడు. అన్నిటికీ నవ్వేవాణ్ణీ దేనికీ నవ్వనివాణ్ణీ నేను నమ్మను. మొదటి రకం ఈయన, రెండో రకం మా పై వాటాలో ఉన్నాడు.

నాలుగు పెట్టెలు పరిచాడు. ముందుకీ వెనక్కీ ఒకే రకం వేసెయ్యండి బాబాయిగారూ, గొడవుండదు అన్నాడు. గొడవ వాడికుండదు. బండి గట్టిగా బ్రేకు పడ్డప్పుడు బరువంతా ముక్కు మీదికి వస్తుంది, వెనక చక్రాలు తేలికైపోతాయి. అప్పుడు వెనక కూడా అంతే గట్టిగా కరిస్తే చక్రం బిగుసుకుపోతుంది, బండి తోక ముందుకొచ్చి నమస్కారం పెడుతుంది. పోనీ వెనక మరీ మెత్తటివి వేద్దామా అంటే, చాకిరీ అంతా ముందు ప్యాడ్ల నెత్తిన పడుతుంది. అవి కాగి కాగి చివరికి పట్టడం మానేస్తాయి. వెనక ప్యాడు బావమరిదిలాంటిది. చెయ్యి సాయం చెయ్యాలి, పెత్తనం చెయ్యకూడదు. మా బావమరిది రెండోదే చేసేవాడు, అది వేరే కథ, ఇక్కడ రాస్తే డైరీ చాలదు.

ముందుకి ఏడొందల డిగ్రీల దాకా తట్టుకునేవి తీసుకున్నాను. వెనక్కి అదే కంపెనీవి, కరవడంలో ఒక మెట్టు తక్కువ. వెనకవాటికి గిరాకీ తక్కువండీ, లోపల వెతకాలి అని వెళ్ళి పావుగంటకు వచ్చాడు. ముందు ప్యాడ్ల పెట్టె మీద దుమ్ముంది. దీని మీద లేదు. అంటించిన టేపు కూడా కొత్తది.

పెట్టె విప్పి ప్యాడు వాసన చూశాను. నవ్వాడు.

ఫిబ్రవరి 5, సాయంత్రం

ఇంటి వెనక షెడ్డులో ప్యాడ్లు వేశాను. పిన్నులు తుడిచి గ్రీజు పెట్టాను, పాత బ్రేక్ ఆయిల్ తీసి కొత్తది పోశాను. ఈ చేతులు ఇంకా పనికొస్తాయి. మోకాళ్ళే వెనకబడ్డాయి, కూర్చోవడానికి ఒక నిమిషం, లేవడానికి ఒక సంవత్సరం.

అల్లుడు దిగొచ్చి వాకిట్లో నిలబడ్డాడు. సాయం చెయ్యడు, వెళ్ళడు. చివరికి నోరు తెరిచి, వెనక కరవడం ఎక్కువైతే ఏమవుతుంది మామయ్యగారూ అని అడిగాడు. తోక తిరుగుతుంది అన్నాను. తిరిగితే? గోడకి కొట్టుకుంటుంది. సరే అన్నాడు.

మట్టి చూసుకునేవాడికి ఈ ప్రశ్న దేనికి?

ఫిబ్రవరి 6, ఉదయం 5:30

కొత్త ప్యాడ్లు చక్రంతో తిరిగే ఇనప డిస్కుకి అలవాటు పడాలని బైపాస్ మీద బాగా కాచి మరగబెట్టాను. స్పీడు వందకు తెచ్చి ముప్ఫైకి దించడం, మళ్ళీ వంద. మధ్యలో ఎక్కడా ఆపకుండా పదిసార్లు. తర్వాత బ్రేకు ముట్టుకోకుండా పావుగంట చల్లగాలిలో తిప్పుకొచ్చాను. ఇప్పుడు కొత్త పళ్ళొచ్చిన పసివాడిలా కరుస్తున్నాయి.

ఫిబ్రవరి 9, ఆదివారం సాయంత్రం

అమ్మాయితో, అల్లుడితో వెళ్ళి మొదటిసారి ట్రాకు చూశాను. గేటు దగ్గర పెద్ద బోర్డు, పన్నెండు రూల్సు. నాలుగోది చదువుతుండగా టీ పిలిచింది. లోపల పిట్ అంటే గొయ్యి కాదు, రేకుల కింద బళ్ళు నిలబెట్టే వరుస. ఒక్కో సెషను ఇరవై నిమిషాలు. బళ్ళు వెళ్ళడం, కాగిపోయి రావడం, ఆరడం, మళ్ళీ వెళ్ళడం. మనుషులు మాత్రం పెళ్ళివారిలా ఊరికే అటూ ఇటూ తిరుగుతుంటారు.

అమ్మాయి మొదటి సెషను అయి వచ్చి హెల్మెట్ తీసి, నాన్నా ఇన్నాళ్ళూ బ్రేకులనుకుని ఏం తొక్కానో తెలీట్లేదు అంది. ఎర్ర టోపీవాడు విన్నాడు. విన్నట్టు కనపడలేదు. అందుకే విన్నాడని తెలిసింది.

మంచినీళ్ళకి తను అటు వెళ్ళగానే చూస్తే బండికి హ్యాండ్ బ్రేక్ లేదు. ఉత్తి గేరులో వదిలేసింది. అక్కడ నేల కొంచెం వాలు కూడా. కుర్రకారు! నేను కిటికీలోంచి చెయ్యి పెట్టి లాగాను. ఇది నాకు పుట్టుకతో వచ్చిన అలవాటు కాదు, ఒక లారీ నేర్పింది. మా పాత షెడ్డులో ఒక డ్రైవరు ఇలాగే వదిలేసి బీడీకి పోయాడు. లారీ దానంతటది బయల్దేరి, తొందర లేకుండా, దారిలో ఎవరినీ ఏమీ అనకుండా వెళ్ళి యార్డు చివర బాత్రూం గోడ పడగొట్టింది. యజమాని లోపలే ఉన్నాడు. చెంబుతో సహా అలాగే కూర్చుని, ఎవడ్రా అది అన్నాడట. నవ్వితే ఉద్యోగం పోతుంది, నవ్వకపోతే ప్రాణం పోతుంది. ఆ రోజు నుంచీ హ్యాండ్ బ్రేక్ లేని బండి కనిపిస్తే నా అరచెయ్యి దురద పెడుతుంది. అమ్మాయి వచ్చేలోగా దించేశాను. చూస్తే చాదస్తం అంటుంది.

రెండో సెషనూ బాగుంది, దాని తర్వాతా అరచెయ్యి దురద తీర్చుకున్నాను. మూడోది అయ్యాక ముఖం వాడిపోయి దిగింది. బ్రేకు తొక్కితే వెనక సీటు కింద ఎవరో తలుపు బాదుతున్నట్టుందట. బండంతా వణుకు. నేనూ ఒక రౌండు నెమ్మదిగా తిప్పి చూశాను. నిజమే, వెనక నుంచే. దడ్, దడ్, దడ్.

కొత్త ప్యాడ్లకి మూడు సెషన్లకే ఈ రోగం రాదు. కొత్త టేపు పెట్టెలోంచి వచ్చిన ప్యాడ్లకి రావచ్చు.

ఫిబ్రవరి 10

నవ్వులాయన మీదికి వెళ్ళాను. డూప్లికేటు అంటగట్టావు అన్నాను. మొదటిసారి నవ్వలేదు. పెట్టె మీద నంబరు కంపెనీ వాళ్ళకి ఫోన్లో చదివి వినిపించాడు, అసలు సరుకే అని స్పీకర్‌లో వాళ్ళ చేతే చెప్పించాడు. తర్వాత, వేడి మీద బండి ఎట్లా నిలబెట్టారు బాబాయిగారూ అని అడిగాడు. బండి ఎట్లా నిలబెట్టాలో నాకు చెప్పేవాడు ఇంకా పుట్టలేదు, పుట్టినా షాపు పెట్టడు అన్నాను. దండం పెట్టి వెనక ప్యాడ్లు వేరే సెట్టు ఇచ్చేశాడు.

తప్పు లేనివాడు అంత తేలిగ్గా మారుస్తాడా?

ఫిబ్రవరి 13

వెనక డిస్కులు రెండూ గరుకు కాగితంతో శుభ్రంగా రుద్ది, కొత్త సెట్టు వేసి, మళ్ళీ బైపాస్ మీద మరగబెట్టాను. వణుకు పోయింది. చూశావా అన్నాను మా ఆవిడతో. నేనెక్కడ చూశాను, బండి మీది, వణుకు మీది అంది.

ఫిబ్రవరి 16, ఆదివారం

మళ్ళీ అదే.

పొద్దున్న నుంచీ బండిని కనిపెట్టుకునే ఉన్నాను. రెండు సెషన్ల తర్వాతా చెయ్యాల్సినవన్నీ నా చేత్తో చేశాను. గాలి చూశాను, నట్లు చూశాను, బండి ఉన్నచోటు నుంచి కదలకుండా చూశాను. రెండోదాని తర్వాత ఒక్క టీకి వెళ్ళొచ్చాను. వచ్చేసరికి అల్లుడు ఎడమ వెనక చక్రం దగ్గర గొంతుక్కూర్చుని ఉన్నాడు. నన్ను చూసి లేచాడు. చెయ్యి జేబులోకి వెళ్ళింది. ఏం బాబూ అన్నాను. ఏం లేదు మామయ్యగారూ అన్నాడు. ఏం లేనివాడు అంత గబుక్కున లేవడు.

మూడో సెషనులో దడ్, దడ్, దడ్. ఈసారి విజిల్ దాకా వినపడింది. వచ్చి బానెట్ మీద చెయ్యి వేసి, అమ్మా, నీ చెయ్యి బాగుంది, కాలు బాగుంది, ఈ బండిలో మాత్రం రెండో తారీఖున నేను కూర్చోను అన్నాడు. మెత్తగానే అన్నాడు. గట్టిగా అంటే బాగుండేది, తిరిగి నాలుగు అనేవాణ్ణి.

ఇంటి దాకా అమ్మాయి బండిని నలభై దాటనివ్వలేదు. బ్యాంకులో తన కుర్చీలో ఇప్పటికే ఇంకెవరో కూర్చుని ఉంటారు. వెనక్కి పోవడానికి దారి లేదు, ముందుకి వెనక చక్రాలు పోనివ్వడం లేదు.

ఫిబ్రవరి 17

అనుమానం పెనుభూతం అంటారు. భూతమైనా సరే, జుట్టు దొరికితే చాలు.

ఫిబ్రవరి 18

కాగితం మీద పేర్లు రాసి ఒక్కొక్కటే కొట్టేశాను. నవ్వులాయన: సెట్టు మారినా రోగం మారలేదు, కాబట్టి కాదు. ఎర్ర టోపీ: సీటు కావాల్సినవాడే, కానీ పదహారున నేను టీ తాగుతున్నప్పుడు వాడు నా పక్కనే నిలబడి బిస్కెట్ ముంచుకుంటున్నాడు. అదీ కాదు. మా ఆవిడ వెనక నుంచి తొంగి చూసి, నన్నెందుకు వదిలేశారు, నేనూ ఇంట్లోనే ఉంటానుగా, నా పేరూ రాయండి అంది. రాశాను. మూడు రోజులు టీ రాదని తెలిసి కొట్టేశాను.

మిగిలింది ఒక్క పేరు. దానికి కారణం కూడా ఉంది. భార్య అంత స్పీడులో తిరగడం ఏ మొగుడికి ఇష్టం? నోటితో వద్దంటే గొడవ. బండి చేత వద్దనిపిస్తే ఏ గొడవా లేదు. పైకి సరే, లోపల సరే కాదు. ఏదో రాస్తున్నాడు డిస్కులకి. ల్యాబు మనిషి, ఆయన దగ్గర సీసాలకి కొదవా?

ఒక పాత ఉపాయం చేశాను. లారీ వాళ్ళకి తెలిసిందే: బిగించిన నట్టు మీద నుంచి చక్రం మీదికి సన్నగా ఒక పెయింటు గీత గీస్తారు. నట్టు ఎవరైనా తిప్పితే గీత తెగుతుంది. వెనక రెండు చక్రాలకీ గీశాను. షెడ్డు తాళాలు రెండే, ఒకటి నా మొలలో, ఒకటి పై వాటాలో.

ఫిబ్రవరి 20

గీతలు తెగాయి. రెండు చక్రాలవీ. మళ్ళీ కలిపి బిగించాలని చూశాడు పాపం, వెంట్రుకవాసి తేడా వచ్చింది. వెంట్రుకవాసి తేడాల మీదే కదా నేను నలభై ఏళ్ళు బతికింది.

వాళ్ళు లేనప్పుడు మొక్కలకి నీళ్ళు పొయ్యాలనే మిషతో పైకెళ్ళాను. ఇల్లాలు లేని ఇంట్లో దూరడం తప్పే, ఒప్పుకుంటాను. బాల్కనీలో నల్లటి దుమ్ము అంటిన గ్లోవ్స్ ఆరేసి ఉన్నాయి. వాటి కింద ఒక నోట్‌బుక్. తెరిస్తే ఒక పేజీలో గుండ్రటి బొమ్మ, అది డిస్కే. దాని మీద ఒక చోట గీతలు కొట్టిన ముక్క, బాణం గుర్తు, తారీఖులు. 9. 16.

ఆ రెండూ బండి వణికిన రోజులు. ఇంకేం కావాలి!

మొక్కలకి నీళ్ళు పొయ్యడం మరిచిపోయి దిగొచ్చాను.

ఫిబ్రవరి 21

రాసుకోవడానికి సిగ్గుగా ఉంది కానీ రాస్తాను. భోజనాల దగ్గర అడిగేశాను. మెల్లగా మొదలుపెడదామనుకున్నాను, నాకు మెల్లగా చేతకాదు. నా కూతురి బండి చక్రాలు ఎందుకు విప్పుతున్నావు, నీకు ఇష్టం లేకపోతే నోటితో చెప్పు, బ్రేకులతో ఆటలాడితే మనిషి పోతుంది అన్నాను. నువ్వు అన్నాను. ఆరేళ్ళలో ఎప్పుడూ అనలేదు.

అల్లుడు తల ఎత్తలేదు. అవును, విప్పాను అన్నాడు. ఎందుకు అన్నాను. నా వంక ఒక్క క్షణం చూశాడు. అది దొంగ చూపులా లేదు. ఏమిటో తెలీలేదు, అందుకని ఇంకా కోపం వచ్చింది. సరే మామయ్యగారూ అని చెయ్యి కడుక్కుని పైకి వెళ్ళిపోయాడు.

అమ్మాయి మాత్రం మెట్ల దాకా వెళ్ళి తిరిగొచ్చి, నాన్నా ఈ ఆదివారం నువ్వు ట్రాకుకి రావద్దు అంది. అరవలేదు. మా ఆవిడ నా ముందు మజ్జిగ గ్లాసు పెట్టిన చప్పుడుకి పక్కింటి కుక్క మొరిగింది.

ఫిబ్రవరి 22

టీ రాలేదు. నేనే పెట్టుకున్నాను.

ఫిబ్రవరి 23, ఆదివారం

సాయంత్రం వాళ్ళు వచ్చేదాకా గేటు దగ్గరే కుర్చీ వేసుకుని, రాని పేపరు కోసం చూస్తున్నట్టు కూర్చున్నాను. అమ్మాయి బండి దిగింది. అడగకుండా ఉందామనుకుని అడిగాను. మూడు సెషన్లూ బాగున్నాయట. వణుకు లేదట. విజిల్ కూడా ఒక రౌండు పక్కన కూర్చుని, ఇలాగే ఉంటే రెండో తారీఖున వస్తాను అన్నాడట. అల్లుడు డిక్కీలోంచి హెల్మెట్ తీసుకుని, నన్ను పలకరించకుండా, అలాగని తప్పించుకోకుండా, పక్క నుంచి వెళ్ళాడు.

చూశావా, పట్టుబడ్డాక ఆపేశాడు, గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకోవడమంటే ఇదే అన్నాను మా ఆవిడతో. మా ఆవిడ నన్ను పొంగడానికి సిద్ధంగా ఉన్న పాలను చూసినట్టు చూసింది. ఈసారి ట్రాకు దగ్గర ఎవరు లేరో అది కూడా ఆలోచించండి అంది.

ఆడవాళ్ళు ఒక్కోసారి అర్థం లేకుండా మాట్లాడతారు.

ఫిబ్రవరి 24

ఒకటి మాత్రం కుదరడం లేదు. వీళ్ళు బండి తుడిచిన గుడ్డలు పడేసే డబ్బాలో గరుకు కాగితం ముక్కలు కనిపించాయి, నావి కావు, నల్లగా అరిగిపోయినవి. పాడుచేసేవాడు ఏదైనా పూస్తాడు. రుద్దేవాడు చెరిపేవాడు. ఏం చెరుపుతున్నాడు?

ఫిబ్రవరి 25, మధ్యాహ్నం

ఎడమ వెనక చక్రం విప్పాను. ప్యాడ్లు తీసేసి, డిస్కుని వాకిట్లో ఎండకి తిప్పి తిప్పి చూశాను. కాసేపు ఏమీ కనపడలేదు. ఎండ ఏటవాలుగా పడ్డప్పుడు కనపడింది. నున్నటి ఇనుము మీద ఒకచోట సన్నటి నీడ. ఎంత రుద్దినా పూర్తిగా పోలేదు. దానికి అంచులున్నాయి. ప్యాడు తీసి దాని మీద పెట్టాను. అచ్చు గుద్దినట్టు సరిపోయింది.

ప్యాడు డిస్కు మీద జారుతూ పోతే అంతటా ఒకేలా అంటుతుంది. ఒక్కచోట ఇలా అచ్చు పడాలంటే డిస్కు ఎర్రగా కాగి ఉండాలి, చక్రం కదలకుండా నిలబడి ఉండాలి, ప్యాడు దాన్ని గట్టిగా పట్టుకుని ఉండాలి. అప్పుడు ప్యాడు కరిగి అక్కడ అంటుకుపోతుంది. ఆ ఎత్తు మీదికి వచ్చినప్పుడల్లా, దడ్.

నిలబడ్డ బండిలో ప్యాడు పట్టుకునేది ఎప్పుడు? కాలు తొక్కినప్పుడు. కానీ అప్పుడు నాలుగు చక్రాలకీ పడాలి, ముందువి నున్నగా ఉన్నాయి. వెనక రెండిటినీ పట్టుకునేది ఒక్కటే. లారీలో డిస్కులుండవు, డ్రమ్ము బ్రేకులు, ఎంత కాగినా హ్యాండ్ బ్రేక్ లాగి నిశ్చింతగా అన్నం తిని రావచ్చు. ఈ బండికి వెనక డ్రమ్ములు లేవు. హ్యాండ్ బ్రేక్ ఈ ప్యాడ్లనే బిగిస్తుంది.

అమ్మాయి అది ముట్టుకోదు, గేరులో వదిలేస్తుంది. అల్లుడు ఆ బండి డోరు తెరవగా నేనెప్పుడూ చూడలేదు.

నేను.

ఫిబ్రవరి 26

పొద్దున్నే పైకెళ్ళాను. అల్లుడు బాల్కనీలో షూ పాలిష్ చేసుకుంటున్నాడు. లేవబోతే కూర్చోమన్నాను. మీరు ఎప్పుడు చూశారు అని అడిగాను. మళ్ళీ మీరు అనడానికి నాలుక కొంచెం తడబడింది.

తొమ్మిదో తారీఖునే చూశాడట. నేను కిటికీలోంచి చెయ్యి పెట్టి హ్యాండ్ బ్రేక్ లాగడం, అమ్మాయి వచ్చేలోగా దించడం. అప్పుడు ఏమీ తెలీదు, ఊరికే చూశాను. వణుకు వచ్చాక గేటు దగ్గర బోర్డు చదివాను అన్నాడు. తొమ్మిదో రూలట: వేడి బండికి హ్యాండ్ బ్రేక్ వెయ్యరాదు. నేను నాలుగోదాని దగ్గర ఆగినవాణ్ణి. పదహారున చక్రం దగ్గర కూర్చున్నది అచ్చు పడిందా లేదా టార్చి వేసి చూడటానికే, జేబులోకి పోయింది ఆ టార్చే. మళ్ళీ పడింది. ఆ వారంలో విప్పి, రుద్ది, కొలిచి, బొమ్మ గీసుకున్నాడు. మట్టి పొరలు కొలిచినట్టే కొలిచానండీ అన్నాడు. అది ఆయన జోకు అనుకుంటాను. నాకు నవ్వాలో లేదో తెలీలేదు.

నాతో ఎందుకు చెప్పలేదు అన్నాను. బ్రషు పక్కన పెట్టాడు. ఈ ఆరేళ్ళలో తన దగ్గర వరసగా ఇన్ని మాటలు నేను వినలేదు. మీ అమ్మాయి మిమ్మల్ని ప్యాడ్లు చూడమన్న రోజు మీరు కిందికి దిగుతూ ఈల వేశారు మామయ్యగారూ, నేను విన్నాను. మీ చెయ్యే చేసిందని చెబితే మీరు మళ్ళీ షెడ్డు తాళం తియ్యరు. అందుకని నేనే రుద్దేస్తే పోతుందనుకున్నాను. తప్పే. ఆదివారం మీరు రావద్దని తను అన్నప్పుడు, పోన్లే ఇలాగైనా అని ఊరుకున్నాను. అదీ తప్పే.

అన్నీ తన తప్పులే లెక్కపెట్టుకున్నాడు. నేను భోజనాల దగ్గర అన్నది మాత్రం ఎత్తలేదు. నేనే ఎత్తాను. క్షమించమని అనడం నాకు రాదు, ఎప్పుడూ ప్రాక్టీసు లేదు. బాబూ, ఆ రోజు నా నోరు జారింది అన్నాను. పర్లేదు అన్నాడు. పర్లేదు అంటే ఉంది అని అర్థం, ఉన్నా ఊరుకుంటాను అని.

అమ్మాయికి నేనే చెప్పాను. అల్లుడు చెబుతానంటే వద్దన్నాను. నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు. మంచం అంచున కూర్చుని, నాన్నా నీకొకటి చెప్పలేదు అంది. తొమ్మిదో తారీఖున మూడో సెషనులో చివరి మలుపు ముందు బండి మొదటిసారి దడదడలాడినప్పుడు, ఏదో విరిగిందనుకుని భయంతో బ్రేకు మీంచి కాలు తీసేసిందట. బండి మలుపు తిరగకుండా గడ్డిలోకి దూసుకుపోయి, పేర్చిన టైర్ల గోడకి జానెడు దూరంలో ఆగిందట. నువ్వు టీ దగ్గర ఉన్నావు, చూడలేదు అంది.

జానెడు. అరచెయ్యి చాచి చూసుకున్నాను. దాని మీద ఇంకా గ్రీజు ఉంది.

చంకలో బిడ్డని పెట్టుకుని ఊరంతా వెతకడం అంటారు కదా, అది కూడా నా కంటే మేలు. ఆ తల్లి బిడ్డని పడేయలేదు.

ఇక ట్రాకుకి రాను అన్నాను. అమ్మాయికి అప్పుడు కోపం వచ్చింది, అసలు కోపం, ఎనిమిదేళ్ళప్పుడు చూసినంత. రాకపోతే వేడి బండి కింద చెక్కలు ఎవరు పెడతారు, గేరులో వదిలేస్తే నీ అరచెయ్యి దురద పెట్టదా? రా, వచ్చి ఆ చెయ్యి జేబులో పెట్టుకుని నిలబడు, లేదా చెక్క పెట్టు, బండి లోపలికి మాత్రం రానివ్వను, అంది.

పదమూడో ఏట నా మొదటి ఉద్యోగం అదే. లారీ క్లీనరు. బండి ఆగగానే దూకి చక్రం కింద చెక్క పెట్టడం. యాభై తొమ్మిదేళ్ళకి ప్రమోషను పోయి మళ్ళీ అక్కడికే వచ్చాను.

ఫిబ్రవరి 27

వెనక డిస్కులు రెండూ మార్చేశాను, నీడ కూడా మిగలకుండా. ప్యాడ్లు మాత్రం అవే రకం వేశాను, ముందుకి గట్టివి, వెనక ఒక మెట్టు తక్కువ. ఆ లెక్క తప్పలేదు. ఇది గొప్పకి రాయడం లేదు. ఏది తప్పో ఏది కాదో విడివిడిగా రాసిపెట్టుకోవాలి, లేకపోతే ముసలితనంలో రెండూ కలిసిపోతాయి.

మార్చి 2, ఆదివారం

మూడు సెషన్లు. మూడుసార్లూ చెక్కలు పెట్టాను, మూడుసార్లూ తీశాను. విజిల్ దిగలేదు. అమ్మాయిని రేపటి నుంచి రమ్మన్నాడు.

సాయంత్రం అల్లుడు కిందికొచ్చి తను ఆఫీసుకి తిప్పే బండి తాళం ఇచ్చాడు. ముందు చక్రంలో ఏదో కీచుమంటోందట, ఖాళీగా ఉంటే చూడమన్నాడు. విప్పి చూశాను. ప్యాడ్లు సగం పైనే ఉన్నాయి. డిస్కుకీ రేకుకీ మధ్య చిన్న రాయి ఇరుక్కుంది. తీసి పారేశాను.